మైకులో చెప్పిన మాట

మార్కాపురం ఎండలో నల్ల వెయిస్ట్‌కోటు తొడుక్కోవడమంటే మాటలు కాదు. అయినా శ్రీకాంత్ తొడుక్కున్నాడు. ఓడ దిగి గిద్దలూరు చేరి నెల కూడా కాలేదు. మళ్ళీ ఓడెక్కేదాకా ఆ కోటు మొహం చూడనని సూట్‌కేసు అడుగున కుక్కినవాడు, బ్రహ్మం సార్ దగ్గర్నుంచి ఒక్క ఫోన్ రాగానే దాన్ని బయటికి లాగి, ఇస్త్రీ చేయించి, బొత్తాలు తుడిచి మరీ వేసుకున్నాడు.

బ్రహ్మం సార్ మార్కాపురంలో, కంభం రోడ్డు పక్క ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో హోటల్ ట్రైనింగ్ సెంటర్ నడుపుతాడు. పిల్లలకు ట్రే పట్టుకోవడం, గ్లాసు తుడవడం, నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడటం నేర్పి విహార ఓడల మీద ఉద్యోగాలకు పంపుతాడు. శ్రీకాంత్‌ను బార్ వెయిటర్‌గా మొదట ఓడెక్కించింది ఆయనే. ఆదివారం తల్లిదండ్రుల మీటింగ్ పెట్టానని, యూనిఫాంలో వచ్చి రెండు మంచి మాటలు చెప్పమని అడిగాడు. నేర్పిన గురువు పిలిచాడు, కాదంటే బాగుండదు అని శ్రీకాంత్ భార్యతో అన్నాడు. అదేం కాదు. పిలిచినందుకు లోలోపల పొంగిపోయాడు. ఓడ మీద నెలల తరబడి చిటికెలు వేసి పిలిపించుకున్న మనిషికి, సొంత జిల్లాలో శాలువా కప్పుతామంటే చేదా?

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. బ్రహ్మం సార్ బల్ల మీద సీసాలూ గ్లాసులూ సిద్ధంగా పెట్టించాడు. శ్రీకాంత్ ఒక సీసాను గాల్లోకి ఎగరేసి, వీపు వెనక నుంచి పట్టుకుని, వరసగా ఉన్న గ్లాసుల్లోకి చుక్క బయట పడకుండా నీళ్ళు వంచాడు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. గొర్రెలు కాసేవాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు, పలకల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు, మిరప కోతలకు పోయేవాళ్ళు. వెనక వరసలో అతని భార్య అరుణకుమారి కూడా కూర్చుంది.

ఎవరికైనా అనుమానాలుంటే అడగమన్నాడు బ్రహ్మం సార్. మూడో వరసలోంచి పోలమ్మ లేచింది. కొమరోలు అవతలి పల్లె ఆమెది. శ్రీకాంత్ తండ్రికి దూరపు చెల్లెలు, వరసకు అత్త. మొగుడు పోయినప్పటి నుంచీ కొడుకు బాలకృష్ణతో కలిసి గొర్రెల మందను కాసుకుంటూ బతుకుతోంది. లేచి కొంగు సర్దుకుని, మైకు అక్కర్లేని గొంతుతో అడిగింది.

"అల్లుడా, నీళ్ళ మీద భయం గియం నేనడగను. జీతం గాక పైన చేతికిస్తారంట గదా, టిప్పులో ఏందో. సారు చెప్పినాడు. అది నిజమేనా?"

ఓడ మీద ఒక నియమం ఉంది. అతిథికి లేదు అని చెప్పకూడదు. అడిగిన సరుకు అయిపోతే, ఇంకోటి ఇంతకంటే బాగుంటుంది, తెస్తాను అనాలి. ఈ పాఠం శ్రీకాంత్ నేర్చుకున్నది కూడా ఈ హాల్లోనే. నోట 'లేదు' అన్న మాట వచ్చిన కుర్రాణ్ణి బ్రహ్మం సార్ బెంచీ ఎక్కించేవాడు. అలా ఎక్కి ఎక్కి ఆ మాటే మరిచిపోయాడు శ్రీకాంత్. ఎవరైనా ఎదురుగా నిలబడి ఆశగా అడిగారంటే చాలు, అతని పెదాలు వాటంతటవే విచ్చుకుంటాయి, నడుం కాస్త ముందుకు వంగుతుంది.

"ఇస్తారత్తా. నవ్వుతా అడిగింది చేసిపెడితే చాలు, ఇస్తారు," అన్నాడు మైకులో.

"ఇప్పుడు గూడా ఇస్తాండారా?"

"ఇస్తాండారు."

పోలమ్మ పక్కన తెల్లచీర కట్టుకున్న ఒకామె కళ్ళు తుడుచుకుంది. హాలంతా మళ్ళీ చప్పట్లు.

నిజం ఏమిటంటే, ఇచ్చేవాళ్ళు. శ్రీకాంత్ కొత్తగా ఓడెక్కిన రోజుల్లో, గ్లాసు అందించగానే మడిచిన నోటు ట్రే కిందికి జారేది. ఇప్పుడు అంతా డ్రింక్స్ ప్యాకేజీ. యాత్ర జరిగినన్నాళ్ళూ తాగబోయేదానికంతా అతిథులు ఓడెక్కకముందే ఒక్కసారే కట్టేస్తారు. వెయిటర్‌కు ఇవ్వాల్సింది కూడా అందులోనే కలిపి పట్టుకుంటారు. ఆ కలిపి పట్టుకున్నది కంపెనీ దగ్గర ఒక కుప్పలో పడి, ఇంతమందికని పంపకమై, చివరికి జీతం కాగితంలో జీతంతో పాటే కరిగిపోతుంది. మెళ్ళో వేలాడే కార్డు మిషన్‌కు తాకించి, "అన్నీ కలిపే కట్టేశాం కదా" అని చల్లగా నవ్వి, గ్లాసు పట్టుకుని పోతారు. వాళ్ళ తప్పూ లేదు, వాళ్ళు నిజంగానే కట్టారు మరి. కట్టిన డబ్బు గిట్టాలని పొద్దస్తమానం తాగుతారు. మునుపు నాలుగుసార్లు తిరిగే చోట ఇప్పుడు పదిసార్లు తిరగాలి. ఈత కొలను చుట్టూ తడి చెక్కల మీద, ఎండలో, చేతిలో నిండు ట్రేతో.

ఇదంతా అరుణకు తెలుసు. తిరుగు బస్సులో కంభం చేరేసరికి ఆమె శాలువాను ఒళ్ళోకి తీసుకుంది. చెరువు కట్ట కనబడ్డాక, శాలువాను మడత పెడుతూ అడిగింది.

"పోలమ్మ పిన్నమ్మకు అట్లెందుకు చెప్పినావు?"

"అబద్ధమేముంది అందులో? ఇచ్చేవాళ్ళు ఇస్తారు."

"ఇచ్చేవాళ్ళు ఎంతమంది?"

శ్రీకాంత్ కిటికీలోంచి చెరువు నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. గిద్దలూరు దాకా ఇద్దరి మధ్యా ఆ శాలువా ఉండిపోయింది.

*

రెండు రోజులు గడిచాక పోలమ్మ జున్నుపాలు తీసుకుని గిద్దలూరు వచ్చింది. బస్సు కుదుపుకు ఒలకకుండా క్యాను మూతికి గుడ్డ బిగించి కట్టి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప పక్కన గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

అరుణ మజ్జిగ కలిపింది. శ్రీకాంత్ ఆ గ్లాసును పళ్ళెంలో పెట్టి, ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి, అత్తకు కుడివైపు నుంచి వంగి అందించాడు. పోలమ్మ విరగబడి నవ్వింది. ఓడ మీద దొరసానులకు ఇట్లనే ఇస్తావా అని అడిగి, తనకోసం ఇంకోసారి ఇచ్చి చూపించమంది. అతను చూపించాడు. ఆమె గ్లాసు అందుకుని, దొరసానిలా మెడ నిక్కించి, ఒక గుక్క తాగి, కడుపుబ్బ నవ్వింది. ఆమె అలా నవ్వడం మొగుడు పోయాక ఇదే మొదలేమోనని శ్రీకాంత్‌కు అనిపించింది.

నవ్వు తగ్గాక ఆమె వచ్చిన పని చెప్పింది. గొర్రెల బేరగాడు వస్తున్నాడు, గురువారం. మందంతా ఒకే లాటుగా తీసుకుంటాడు. ఆ డబ్బు శనివారం లోపల బ్రహ్మం సార్‌కు కట్టేస్తే బాలకృష్ణకు ఈ బ్యాచీలోనే సీటు ఖాయం.

"మందంతా ఎందుకత్తా, సగం ఉంచుకోరాదా?" అన్నాడు శ్రీకాంత్.

"ఉంచుకుంటే కాసేదెవరు? వాడు పోయినాక నేనొక్కదాన్ని కొండకు తోలుకపోగలనా? అమ్మితే అన్నీ అమ్మాల్సిందే." ఆమె గ్లాసు కింద పెట్టింది. "బ్రహ్మం సారు చెప్తే నేను నమ్మలా అల్లుడా. ఆయన వ్యాపారం ఆయనది. నువ్వు మన ఇంటి పిల్లోడివి, కళ్ళతో చూసినోడివి, నువ్వు చెప్పినావు గాబట్టి ధైర్యం చేస్తాండా. నాకు ఒక్కటే కావాల. ఓడ మీద వాణ్ణి నీ పక్కన పెట్టుకో."

వంటింట్లో గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. అరుణ వింటోంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. శ్రీకాంత్ గొంతు సవరించుకున్నాడు. ఎవరు ఏ ఓడలో పడతారో తన చేతిలో ఉండదు, ఒకే ఓడలో పడినా ఒక అంతస్తులో పడతారన్న నమ్మకం లేదు. ఆ చిన్న నిజం కూడా నాలుక దాటి రాలేదు.

"అట్లనే అత్తా," అన్నాడు, నవ్వుతూ.

ఆమెను బస్సెక్కించి వచ్చేసరికి అరుణ జున్నుపాలు పొయ్యి మీద పెట్టి, బెల్లం దంచుతోంది. తలెత్తలేదు. నోటిదాకా వచ్చిందనీ, ఆమె నవ్వు చూసి చెప్పలేకపోయాననీ అతను అన్నాడు. అరుణ రోకలి పక్కన పెట్టింది.

"నువ్వు ఓడ మీద నుంచి వీడియో ఫోన్ చేసినప్పుడల్లా వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని మాట్లాడతావు. నేను చూసేది ఆ కాళ్ళే. ఆమెకు కోటు చూపించినావు," అంది.

ఆ సాయంత్రం జున్ను పళ్ళెంలో పెట్టింది గానీ శ్రీకాంత్‌కు దిగలేదు. తిన్నానని అనిపించుకుని లేచిపోయాడు.

*

బుధవారం పొద్దున్నే బండి తీశాడు. కొమరోలు దాటి, పల్లె బయట బీడులో మంద కనబడింది. బాలకృష్ణ దోటితో తుమ్మకొమ్మలు వంచి కాయలు రాలుస్తున్నాడు. గొర్రెలు కింద ముసురుకుని తింటున్నాయి. బావను చూడగానే దోటి పక్కన పడేసి, చెట్టు మొదట్లో దాచిన స్టీలు పళ్ళెం, మూడు గ్లాసులు తీశాడు. బాటిల్లోని నీళ్ళు గ్లాసుల్లో నింపి, పళ్ళెం వేళ్ళ మీద ఎత్తుకుని, రాళ్ళ మీద అడుగులేసుకుంటూ వచ్చాడు. పళ్ళెం వణుకుతోంది. నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"వేళ్ళు ఇంకా విడదీయ్. బరువు అరచేతి మీద కాదు, వేళ్ళ మీద ఉండాల," అన్నాడు శ్రీకాంత్. అనేశాక నాలుక కరుచుకున్నాడు. వచ్చిన పనేంది, తను చెప్తున్నదేంది.

తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ప్యాకేజీ సంగతి, కుప్పలో పడే సంగతి, చేతికేమీ రాని సంగతి. చిత్రం, ఈ కుర్రాడికి చెప్పడం కష్టం కాలేదు. బాలకృష్ణ అడ్డు పడకుండా విన్నాడు. విని, తడిసిన చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"నాకు తెలుసు బావా. ఓడల మీద చేసేవాళ్ళు ఫోన్లో వీడియోలు పెడతాండారు గదా, చూసినా."

"తెలిసి గూడానా?"

"గొర్రెల వెనకాల తిరిగేవాడికి పిల్లనెవరిస్తారు చెప్పు. మూడు చోట్ల అడిగినాము, మంద ఉందనంగానే లేచిపోయినారు. ఓడ అంటే ఇస్తారు. నీకు అరుణక్కను ఇచ్చింది ఓడెక్కినాకే గదా." ఒక గొర్రెపిల్ల పళ్ళెం నాకడానికి వస్తే మెల్లగా తోసేశాడు. "మా అమ్మకు మాత్రం చెప్పొద్దు. నీకు దండం పెడతా."

శ్రీకాంత్ ఒక తుమ్మకాయ ఏరి గొర్రెపిల్ల ముందు పెట్టాడు. తన పెళ్ళిచూపుల్లో మామగారు అడిగిన మొదటి ప్రశ్న ఓడ గురించే. వాడు అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. పైగా మనసులో ఒక మూల హాయిగా కూడా ఉంది. పోవాలనుకునేవాడు తెలిసే పోతున్నాడు, ఇక మధ్యలో తనెవరు? ఇంటికెళ్ళి అరుణకు అదే చెప్పొచ్చు. మనిషికి సాకు దొరికితే ఎంత తేలిగ్గా ఊపిరాడుతుందో, బండి దాకా నడిచిన ఆ నాలుగడుగుల్లో అతనికి తెలిసింది.

ఊళ్ళోంచే దారి. దొడ్డి ముందు పోలమ్మ గొంతుక్కూర్చుని ఉంది. పలకరించకుండా పోతే బాగుండదని బండి ఆపాడు. ఒక ముసలి గొర్రెను పక్కకు పడుకోబెట్టి, మోకాలితో అదిమిపెట్టి, దాని గిట్టల సందులో చెడిన పుండును కడుగుతోంది. గోరువెచ్చటి వేపాకు నీళ్ళు, పసుపు పెట్టుకుంది పక్కన. గొర్రె కాలు విదిలిస్తుంటే శ్రీకాంత్ కూడా వంగి పట్టుకున్నాడు.

"రేపు అమ్మేసేదానికి ఇదంతా ఎందుకత్తా?"

"రేపు గదా అమ్మేది. ఈ పొద్దు నాదే గదా," అంది పోలమ్మ. పుండులోంచి ముల్లు ముక్కను గోటితో పైకి లాగి, గొర్రెను ఏదో పేరు పెట్టి తిట్టి, పసుపు అద్దింది.

శ్రీకాంత్‌కు తను పొరబడింది ఎక్కడో తెలిసింది. ఇంతసేపూ బాలకృష్ణకు ఇష్టమా లేదా అని లెక్క చూసుకున్నాడు గానీ, మంద ఈమెది. తన మాట నమ్మింది ఈమె. వాడు తెలిసి పోతాడు, సరే. ఈమె తెలియకుండా అమ్ముతోంది, అదీ తన మాట మీద.

"ఇయ్యరత్తా," అన్నాడు.

"ఏంది?"

"చేతికి డబ్బులు ఇయ్యరు. మునుపిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇయ్యడం లేదు. నేను చెప్పింది అబద్ధం."

గొర్రె కాలు పట్టుకునే మిగతాదంతా చెప్పాడు. తలెత్తి ఆమె మొహం చూసే ధైర్యం లేక, గిట్టలకే చెప్పినట్టు చెప్పాడు. జీతం వస్తుంది, తిండి పెడతారు. కానీ బ్రహ్మం సార్ ఫీజుకు మంద అమ్మితే, ఆ మంద తిరిగి కొనడానికి వాడికి ఎన్నాళ్ళు పడుతుందో తను చెప్పలేడు. పోలమ్మ చెయ్యి ఆగలేదు. గుడ్డపేలిక చింపి కట్టు కట్టింది, ముడి వేసింది, బిగువు చూసుకుంది. గొర్రెను వదిలేస్తే అది కుంటుకుంటూ దొడ్డిలోకి పోయింది.

"మరి ఆపొద్దు ఇస్తారని ఎందుకు చెప్పినావు నాయనా?"

"నువ్వు అడిగినావు. అందరూ చూస్తాండారు. లేదనడం నాకు చేతగాలా."

ఆమె పసుపు చేతులు కడుక్కుంది. తిడుతుందని ఎదురు చూశాడు. తిట్టినా బాగుండేది. ఆమె కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుని, బేరగాడికి రావద్దని కబురు పెడతానంది. బాలకృష్ణ అలుగుతాడు, అన్నం మానేస్తాడు, అది తనూ కొడుకూ చూసుకునే సంగతి అంది. శ్రీకాంత్ గుండె మీంచి బరువు దిగినట్టయింది. లేచి మోకాళ్ళకు అంటిన పెంటదుమ్ము దులుపుకుంటున్నాడు, అప్పుడు అంది ఆమె.

"నా ఒక్కదానికి చెప్తే అయిపోయిందా అల్లుడా? ఆపొద్దు నువ్వు చెప్పింది మైకులో. ఇప్పుడు వచ్చి చెవిలో చెప్తాండావు."

శ్రీకాంత్ దులుపుకోవడం ఆపేశాడు.

"నా పక్కన కూర్చున్నామె, సువార్తమ్మంట, పలకల కార్ఖానాలో చేస్తదంట. నువ్వు ఇస్తారు అన్నప్పుడు ఏడ్చేసింది పాపం. కూతుర్ని పంపిస్తాందంట. నేనంటే నీకు అత్తను, నా ఇల్లు వెతుక్కుంటా వచ్చినావు. ఆమెకెవరు చెప్తారు?"

*

ఆదివారం మళ్ళీ మీటింగ్ ఉందని తెలుసు. వస్తానని ఫోన్ చేస్తే బ్రహ్మం సార్ సంబరపడిపోయాడు. ఏం మాట్లాడబోతున్నాడో శ్రీకాంత్ చెప్పలేదు. అది కూడా ఒక మోసమే అనుకున్నాడు, కానీ ముందే చెప్తే మైకు ఇవ్వడని తెలుసు. అరుణ మామూలు చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. తనూ వస్తానంది. వద్దన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంటే ఆమె మెప్పు కోసం మాట్లాడతానేమోనని అతనికి భయం.

కోటు ఏదని అడిగాడు బ్రహ్మం సార్. మరిచిపోయానన్నాడు. కుర్చీలు నిండాయి. అన్నీ కొత్త మొహాలు. వరస వరసా వెతికాడు, తెల్లచీరావిడ లేదు. శాలువా వద్దని, మైకు తీసుకున్నాడు.

ఎక్కువసేపు మాట్లాడలేదు. పోయిన వారం ఇదే చోట నిలబడి, జీతం కాక పైన డబ్బు వస్తుందా అని ఒకామె అడిగితే అవునన్నాననీ, అది అబద్ధమనీ చెప్పాడు. ప్యాకేజీ అంటే ఏమిటో, ఊళ్ళో భోజనం టికెట్టుతో పోల్చి చెప్పాడు. టికెట్టు కొన్నవాడు వడ్డించినవాడి చేతిలో మళ్ళీ పైసలు పెడతాడా అని అడిగితే, ముందు వరసలో ఒక ముసలాయన పెట్టడు అని తల అడ్డంగా ఊపాడు. ఉద్యోగం చెడ్డదని తను అనడం లేదనీ, జీతం ఎంతో అడిగి, ఆ జీతం ఒక్కటే లెక్క వేసుకుని, అప్పుడు భూముల, గొర్రెల సంగతి ఆలోచించుకోమనీ అన్నాడు. మధ్యలో మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో చూడలేదు. ఓడ మీద పాటల హోరులో ఆర్డర్లు కేకేసిన గొంతుకు ఆ హాలు ఒక లెక్క కాదు. చివరిదాకా చెప్పాడు.

చప్పట్లు లేవు. ఎవరో ఒకరిద్దరు లేచి చెప్పులేసుకున్నారు. కొందరు బ్రహ్మం సార్ వైపు చూశారు. బ్రహ్మం సార్ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎక్కడిదో, ఎందుకు చెరగదో, శ్రీకాంత్‌కు తెలిసినంతగా ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు. మెట్ల దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. కోపంగా మాట్లాడతాడనుకుంటే, మెల్లగా మాట్లాడాడు.

"నేను నీకేం తక్కువ చేసినా శ్రీకాంతూ? నీకు అన్నం పెట్టిన పని గదా ఇది."

ఆయన అబద్ధాలకోరని అనుకోగలిగితే ఎంత సులువుగా ఉండేది! కానీ ఆయన రోజుల్లో, ఆయన పంపిన మొదటి పిల్లలకు, నోట్లు నిజంగానే వచ్చాయి. తనకూ వచ్చాయి. శ్రీకాంత్ వంగి ఆయన కాళ్ళకు మొక్కి, సువార్తమ్మ ఇల్లెక్కడని అడిగాడు. బ్రహ్మం సార్ ఏ వీధో చెప్పాడు.

"ఇప్పుడు పోయి ఏం చేస్తావు? ఆమె డబ్బులు కట్టేసి నాలుగు రోజులాయె. పిల్ల మద్రాసులో, ఓడెక్కేముందు ఇచ్చే ట్రైనింగుకు గూడా చేరింది," అన్నాడు.

అతను వెళ్ళేసరికి సువార్తమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది. తెల్లచీర ఇంకా మార్చుకోలేదు. రేకుల షెడ్డు ముందు పలకల చెక్కలు పేర్చి ఉన్నాయి. అతన్ని గుర్తుపట్టి గాభరాపడి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ బయటికి తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. పక్కింటావిడను కేకేసి, ఈయనే, మన యేసుమణిని పంపించమని ధైర్యం చెప్పినాయన ఈయనే, అని చూపించింది. ఆమె వేళ్ళ సందుల్లో పలకరాయి బూడిదరంగు, ఎంత రుద్దినా పోనిది, గీతలు గీతలుగా ఉంది.

కూర్చోమంటే శ్రీకాంత్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఈసారి తల దించుకోలేదు, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాడు, అదే కష్టంగా ఉంది. పక్కింటావిడ మెల్లగా లోపలికి జారుకుంది. సువార్తమ్మ అతనికి ఇవ్వబోయిన మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

ఇంటి స్థలం అమ్మేశామని ఆమె చెప్పింది. కొన్నాయన మీటింగ్ మర్నాడే రిజిస్ట్రీ కూడా చేయించుకున్నాడు. తిరిగి రాదు. ఆ మాట ఆమె కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. తర్వాత, ఆడపిల్లకు అక్కడ భయమేమైనా ఉందా అని అడిగింది. తాగినవాళ్ళు మీద చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో ఒక పద్ధతి ఉందని, ఓడ వాళ్ళు ఆ విషయంలో గట్టిగానే ఉంటారని చెప్పాడు. అన్నం కూర్చుని తింటారా అంది. ఒక్కోసారి నిలబడే తింటామన్నాడు. కాళ్ళు నొప్పులు పుడతాయా అంది.

"పుడతాయమ్మా. బాగా."

సువార్తమ్మ తలూపింది. గ్లాసు గడప మీద పెట్టి లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చింది. నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకోకుండా, అతనికి చాచింది.

"దానికి గూడా పైన డబ్బులొస్తాయని నేనే చెప్పి పంపించినా నాయనా. అట్ల గాదని నా నోటితో నేను చెప్పలేను. పోవాల్నో వద్దో అదే అనుకుంటది. నువ్వు చెప్పు."

శ్రీకాంత్ ఫోన్ అందుకున్నాడు. రెండు చేతులతో అందుకున్నాడు. అవతల రింగు ఆగి, ఒక ఆడపిల్ల గొంతు, వెనక ఇంకా నలుగురైదుగురు పిల్లల నవ్వులతో కలిసి వినిపించింది. ఆ పిల్ల రొప్పుతోంది.

"అమ్మా, ఇప్పుడే ఈత క్లాసు అయిపోయింది. పైనుంచి నీళ్ళల్లోకి దూకమన్నారు, నేనే ముందు దూకినా తెలుసా! నాకస్సలు భయం కాలా. అమ్మా, వినపడతాందా?"

సువార్తమ్మ గడప మీద కూర్చుని, మొహం అటు తిప్పుకుంది. శ్రీకాంత్ పెదాలు అలవాటుగా విచ్చుకోబోయాయి. వాటిని బిగబట్టుకున్నాడు.

"అమ్మా?" అంది పిల్ల మళ్ళీ.

"అమ్మ కాదు తల్లీ. మీ అమ్మకు అబద్ధం చెప్పినవాణ్ణి," అన్నాడు.